వీడియోలో రాక్ కళాకారుడు వాయిస్తున్న ఎలక్ట్రిక్ గిటార్‌ను గుర్తుపట్టడం ఎలా? – సమగ్ర మార్గదర్శి

రాక్ ప్రదర్శన చూస్తున్నప్పుడు, వాయించే వ్యక్తి చేతిలో ఉన్నది ఏ కంపెనీ గిటార్, ఏ మోడల్, ఏ కాలం నాటిది అన్న ప్రశ్న సంగీతాభిమానులకు సహజంగానే కలుగుతుంది. దానికి తొందరలో చెప్పే జవాబులు ఎక్కువగా రంగును బట్టో, ఆ కళాకారుడికి ఏ గిటార్‌తో పేరు వచ్చిందన్న జ్ఞాపకాన్ని బట్టో వస్తాయి, అందువల్లనే ఎక్కువగా తప్పుతాయి. ఓపికగా చూస్తే మసక వీడియో కూడా ఎంతో చెబుతుంది. ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి అన్న క్రమం తెలిస్తే చాలు.

ముందుగా ప్రశ్నను విడదీయండి

"ఇది ఏ గిటార్?" అన్నది నిజానికి నాలుగు ప్రశ్నలు. ఇది ఏ కుటుంబానికి చెందినది, అంటే ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ తరహానా, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహానా? ఆ కుటుంబంలో కచ్చితంగా ఏ కంపెనీ, ఏ మోడల్? ఏ సంవత్సరాల మధ్య తయారైంది? చివరిగా, ఇది ఫలానా కళాకారుడి దగ్గర ఉన్న ఆ ఒక్క వాయిద్యమేనా? మొదటి ప్రశ్నకు ఐదు సెకన్ల వీడియో సరిపోతుంది. నాలుగో ప్రశ్నకు కొన్నిసార్లు గంటల కొద్దీ దృశ్యాలు, పాత ఛాయాచిత్రాలు కావాలి. ఒక మెట్టుకు దొరికిన ఆధారంతో పై మెట్టు ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటమే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం.

దీనికి తోడుగా మరో విభజన గుర్తుంచుకోవాలి. స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ ఉంటే ఒక పూటలో మార్చగలిగే భాగాలు కొన్ని ఉంటాయి: పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), పిక్‌గార్డ్ (బాడీ ముందు ముఖం మీది రక్షణ పలక), నాబ్‌లు, ట్యూనర్లు (తీగలను శ్రుతి చేసే మరలు). చెక్కను కోస్తే తప్ప మారనివి మరికొన్ని: బాడీ అంచు గీత, నెక్ బాడీతో కలిసే చోటు, హెడ్‌స్టాక్ (నెక్ చివర ట్యూనర్లు ఉండే భాగం) ఆకారం, ఫింగర్‌బోర్డ్‌లో (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే పలకలో) పొదిగిన గుర్తులు. తీర్పుకు పునాది ఎప్పుడూ మారని వాటి మీదే వేయాలి. అయితే ఫెండర్ గిటార్లలో నెక్ స్క్రూలతో బిగించి ఉంటుంది కనుక, స్క్రూలు విప్పి మొత్తం నెక్‌నే మార్చేయవచ్చు. వాటి విషయంలో నెక్‌ను, బాడీని రెండు వేర్వేరు వస్తువులుగా భావించి విడివిడిగా గుర్తించాలి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1975 నాటి ఆల్బమ్ అట్ట మీద పట్టుకున్న గిటార్ దీనికి మంచి ఉదాహరణ. దాని హెడ్‌స్టాక్ మీద ఎస్క్వైర్ (ఫెండర్ ఒంటి పికప్ మోడల్) అని ఉంటుంది, బాడీ మాత్రం రెండు పికప్‌ల టెలికాస్టర్‌ది. పేరు చదివి ఆగిపోయినవారికి సగం సంగతే తెలుస్తుంది.

వీడియోను సిద్ధం చేసుకోవడం

ఒకే ప్రదర్శనకు చాలా ప్రతులు తిరుగుతుంటాయి. వాటిలో అన్నిటికంటే స్పష్టమైనది వెతికి పట్టుకోండి. ప్లేయర్ సెట్టింగుల్లో గరిష్ఠ నాణ్యతను ఎంచుకోండి. యూట్యూబ్‌లో వీడియోను ఆపి, కీబోర్డు మీద కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కొక్క ఫ్రేమ్ చొప్పున వెనక్కి, ముందుకు జరుగుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ E అక్షరం మీట ఫ్రేమును ముందుకు జరుపుతుంది. పాత టీవీ రికార్డింగుల్లో కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే, అదే ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ సదుపాయాన్ని ఆన్ చేయాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కృత్రిమ మేధతో "4కే"గా మార్చిన పాత వీడియోలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. అవి చూడటానికి ఎంత స్పష్టంగా ఉన్నా, లేని వివరాలను ఆ సాఫ్ట్‌వేరే ఊహించి గీస్తుంది. హెడ్‌స్టాక్ మీది అక్షరాలు, ఫింగర్‌బోర్డ్ గుర్తులు, పికప్ స్క్రూలు, అంటే మనకు కావలసిన సరిగ్గా అవే వివరాలు అందులో కల్పితాలు కావచ్చు. ఆధారంగా తీసుకోవలసింది మసకగా ఉన్న అసలు ప్రతినే.

పాట జోరుగా సాగే చోట మంచి ఫ్రేము దొరకడం కష్టం. చివరి స్వరాన్ని మోగనిచ్చి కళాకారుడు నిలబడిపోయే క్షణం, రెండు పాటల మధ్య శ్రుతి చేసుకునే క్షణం, మైకు ముందు పాడుతూ చేతులు నిదానంగా కదిలే క్షణం, సహాయకుడు గిటార్ మార్చి అందించే క్షణం, ఈ నాలుగింటిని వెతకండి. చివరిది ప్రత్యేకంగా విలువైనది, ఎందుకంటే గిటార్ వెనుక భాగం కనిపించేది దాదాపుగా అప్పుడే. దొరికిన ప్రతి మంచి ఫ్రేముకు స్క్రీన్‌షాట్ తీసి, నిమిషం, సెకను రాసిపెట్టుకోండి.

అద్దంలో బొమ్మా, ఎడమచేతి వాటమా?

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. కాపీరైటు వడపోతలను తప్పించుకోవడానికో, ఎడిటింగ్ సౌలభ్యం కోసమో వీడియోను కుడిఎడమలు తారుమారు చేసి పెట్టేవారు ఉన్నారు. అలాంటి ప్రతిలో కుడిచేతి వాటం కళాకారుడు ఎడమచేతి వాటంగానూ, అతని గిటార్ అసలు సిసలైన ఎడమచేతి గిటార్‌గానూ కనిపిస్తుంది. గిటార్‌ను మాత్రమే చూసి ఈ మోసాన్ని పట్టుకోలేము, చుట్టూ చూడాలి. ఆంప్లిఫయర్ మీది పేరు, డ్రమ్ ముందు భాగం మీది అక్షరాలు, ఎవరి టీ షర్టు మీది రాత అయినా తిరగబడి ఉందేమో చూడండి. అక్షరాలు లేకపోతే డ్రమ్స్ అమరిక చూడండి. ఎక్కువమంది డ్రమ్మర్లకు హైహ్యాట్ తాళాల జత వారి ఎడమవైపు, అంటే ఎదురుగా చూసేవారికి కుడివైపు ఉంటుంది. ఒక పాత టీవీ ప్రదర్శన విషయంలో నేను రెండు రోజులు అరుదైన ఎడమచేతి మోడల్ కోసం వెతికి, చివరికి వెనకాల ఉన్న స్పీకరు మీది పేరు తిరగబడి ఉండటం గమనించాను. అప్పటి నుంచి ప్రతి వీడియోలోనూ మొదట చూసేది దీన్నే.

నిజంగా ఎడమచేతి వాటమే అయితే రెండు అవకాశాలుంటాయి. బ్లాక్ సబ్బాత్ బృందపు టోనీ అయోమీ వాయించే గిబ్సన్ ఎస్‌జీల వలె అది ఎడమచేతి కోసమే చేసిన గిటార్ కావచ్చు, లేదా జిమి హెండ్రిక్స్ చేసినట్టు కుడిచేతి గిటార్‌ను తిప్పి పట్టుకుని తీగలు తిరగేసి కట్టి ఉండవచ్చు. తిప్పి పట్టుకున్న స్ట్రాటోకాస్టర్‌లో పొడవైన కొమ్ము కిందికి, పొట్టి కొమ్ము పైకి వస్తాయి, నాబ్‌లు పైభాగంలో ఉంటాయి, హెడ్‌స్టాక్ మీది ట్యూనర్లు నేలవైపు చూస్తాయి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) దగ్గరి పికప్ వాలు కూడా తారుమారై, మందపు తీగల వైపు కొస బ్రిడ్జ్‌కు దగ్గరవుతుంది.

బాడీ ఆకారం, స్విచ్, వైరు

ఇప్పుడు గిటార్ అంచు గీతను మాత్రమే చూడండి. రెండు కొమ్ములు ఉండి పైది పొడవైతే స్ట్రాటోకాస్టర్ కుటుంబం. ఒకే కొమ్ము, చదునైన పలకలాంటి బాడీ అయితే టెలికాస్టర్ కుటుంబం. ఒకే కొమ్ముతో, పైభాగం కొద్దిగా ఉబ్బి, నడుము సన్నగా ఉంటే లెస్ పాల్. రెండు సమానమైన పదునైన కొమ్ములతో పలుచగా ఉంటే ఎస్‌జీ. గుండ్రటి రెండు కొమ్ములు, వయొలిన్‌కు ఉన్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు ఉంటే గిబ్సన్ ఈఎస్-335 కుటుంబం. బాణం మొనలాంటి ఫ్లయింగ్ వీ, కోణాల ఎక్స్‌ప్లోరర్ దూరం నుంచే తెలిసిపోతాయి. గిబ్సన్ ఆ రెండింటినీ 1958లో మార్కెట్లోకి తెచ్చింది.

ఆకారం మసకగా ఉన్నప్పుడు నన్ను ఎన్నోసార్లు ఆదుకున్న చిన్న వివరం ఒకటుంది: వైరు ఎక్కడ దూరుతున్నది? స్ట్రాటోకాస్టర్‌కు జాక్ ముందు ముఖం మీద, పడవ ఆకారపు లోహపు గుంటలో ఉంటుంది. టెలికాస్టర్‌కు, లెస్ పాల్‌కు పక్క అంచులో ఉంటుంది. ఎస్‌జీకి, ఈఎస్-335కు మళ్లీ ముందు ముఖం మీదే. వైరు నల్లగా, పొడవుగా ఉంటుంది కనుక ఎంత మసక వీడియోలోనైనా దాని దారి పట్టుకోవచ్చు. అలాగే పికప్‌లను మార్చే స్విచ్ స్థానం. లెస్ పాల్‌లో అది నాబ్‌లకు దూరంగా పైభుజం మీద ఉంటుంది, ఎస్‌జీలో కింద నాబ్‌ల దగ్గరే ఉంటుంది. కళాకారుడు స్విచ్ మార్చడానికి చేతిని పైకి ఎత్తాడా, కిందికి దించాడా అన్నది చూసినా తెలిసిపోతుంది.

తికమక పెట్టే జంటల దగ్గర కొంత ఎక్కువసేపు ఆగాలి. ఫెండర్ జాజ్‌మాస్టర్ (1958), జాగ్వార్ (1962) రెండూ ఒకే రకపు వంకర నడుముతో ఉంటాయి. జాజ్‌మాస్టర్ పికప్‌లు వెడల్పుగా, దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. జాగ్వార్ పికప్‌లు సన్నగా ఉండి పక్కన పళ్లున్న లోహపు రేకు అమరి ఉంటుంది, పైగా మెరిసే లోహపు పలకలు పిక్‌గార్డ్ చుట్టూ మూడు చోట్ల కనిపిస్తాయి. ఈ మెరుపులే వేదిక దీపాల కింద జాగ్వార్‌ను పట్టిస్తాయి. 1964లో వచ్చిన మస్టాంగ్ వీటికంటే చిన్నది. దాని రెండు పికప్‌లు వాలుగా ఉంటాయి, వాటి పైన రెండు జారుడు స్విచ్‌లు ఉంటాయి. నిర్వాణా బృందం 1991లో విడుదల చేసిన సుప్రసిద్ధ వీడియోలో కర్ట్ కొబేన్ వాయించినది 1969 నాటి నీలిరంగు మస్టాంగ్. అతని దగ్గర హంబకర్లు అనే వెడల్పాటి పికప్‌లు అమర్చిన 1965 నాటి జాగ్వార్ కూడా ఉండటం వల్ల ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడేవారు ఎక్కువ.

మరో జంట ఈఎస్-335, ఎపిఫోన్ కసీనో. రెండూ ఎదురుగా ఒకేలా ఉంటాయి. కానీ కసీనో లోపలంతా బోలుగా ఉంటుంది, దాని నెక్ 16వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డు లోహపు గీత) దగ్గర బాడీతో కలుస్తుంది. 335లో 19వ ఫ్రెట్ దాకా నెక్ స్వేచ్ఛగా ఉంటుంది. పికప్‌ల రకం కూడా వేరు: కసీనోకు పీ-90లు, 335కు హంబకర్లు. వంద గజాల దూరం నుంచి తీసిన దృశ్యంలో పికప్ కనిపించకపోయినా, నెక్ పొడవు ఎంత బయటికి ఉందో కనిపిస్తుంది.

హెడ్‌స్టాక్ ఏం చెబుతుంది?

హెడ్‌స్టాక్ మీది పేరు చదవగలిగితే మంచిదే, కానీ వీడియోలో అది తరచుగా తెల్లటి మరకగానే ఉంటుంది. అందుకే ట్యూనర్ల అమరిక ముందు చూడాలి. ఆరూ ఒకే వరుసలో ఉంటే ఫెండర్, దాన్ని అనుసరించినవారు. మూడు ఒకవైపు, మూడు మరొకవైపు ఉంటే గిబ్సన్, గ్రెచ్, పీఆర్‌ఎస్ వంటివి. నాలుగు ఒకవైపు, రెండు మరోవైపు ఉంటే మ్యూజిక్ మ్యాన్ అన్న అనుమానం బలపడుతుంది. రికెన్‌బాకర్ తన పేరును హెడ్‌స్టాక్ చెక్క మీద కాక, ట్రస్ రాడ్‌ను (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీని) కప్పే పెద్ద పలక మీద రాస్తుంది. ఆ కంపెనీ పన్నెండు తీగల గిటార్లలో సగం ట్యూనర్లు పక్కకు, సగం వెనక్కి తిరిగి ఉంటాయి కనుక హెడ్‌స్టాక్ మామూలు సైజులోనే ఉంటుంది.

గిబ్సన్ హెడ్‌స్టాక్ పైకొస తెరిచిన పుస్తకంలా రెండు వంపులతో ఉంటుంది. ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వకూడదు. 1970లలో జపాన్ కంపెనీలు దీన్ని అచ్చుగుద్దినట్టు తీసుకున్నాయి, 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబనెజ్ గిటార్లను అమెరికాలో పంపిణీ చేసే సంస్థపై ఈ హెడ్‌స్టాక్ ఆకారం గురించే దావా వేసింది. దగ్గరి దృశ్యం దొరికితే ట్రస్ రాడ్ మీది చిన్న గంట ఆకారపు కవరును చూడండి. గిబ్సన్ కవరుకు రెండు స్క్రూలు ఉంటాయి, చాలా నకళ్లకు మూడు. ఎపిఫోన్‌ను గిబ్సన్ మాతృసంస్థ 1957లో కొనుగోలు చేసింది కనుక ఆకారాలు ఒకటే అయినా, ఆసియాలో తయారైన చాలా ఎపిఫోన్ లెస్ పాల్‌ల హెడ్‌స్టాక్ కొస గిబ్సన్ కొస కంటే వేరుగా ఉంటుంది.

పికప్‌లు, బ్రిడ్జ్

పికప్‌లను మార్చడం తేలిక కనుక వీటిని రెండో వరుస ఆధారంగా చూడాలి. సన్నటి ఒంటి వరుసవి సింగిల్ కాయిల్‌లు. రెట్టింపు వెడల్పున్నవి హంబకర్లు. సబ్బు బిళ్లలాంటి పీ-90లు వీటికి మధ్యస్థంగా ఉంటాయి. స్క్రూలు ఏవీ కనిపించని నున్నటి నల్లటి దిమ్మెలైతే ఈఎంజీ వంటి యాక్టివ్ (బ్యాటరీతో పనిచేసే) పికప్‌లు కావచ్చు. మెరిసే గొట్టంలా, లిప్‌స్టిక్ డబ్బీలా ఉంటే డానెలెక్ట్రో. రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ ప్రసిద్ధ టెలికాస్టర్‌లో నెక్ దగ్గర గిబ్సన్ హంబకర్ అమర్చి ఉంటుంది. పైగా ఆయన ఆరో తీగ తీసేసి ఐదు తీగలతోనే వాయిస్తాడు. ఇలాంటి అసాధారణమైన కలయికలు మోడల్‌ను గుర్తించడానికి అడ్డుపడినా, ఆ ఒక్క వాయిద్యాన్ని గుర్తించడానికి గొప్పగా సాయపడతాయి.

బ్రిడ్జ్ దగ్గర శ్రుతిని ఊగించే మీట ఉందా, ఉంటే ఎలాంటిది అన్నది చూడండి. వెడల్పాటి లోహపు చట్రం, దానికి చదునైన పొడవాటి చెయ్యి ఉంటే బిగ్స్‌బీ. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలను బిగించే మూడు చిన్న దిమ్మెలు, బ్రిడ్జ్ మీద వరుసగా చిన్న మరలు ఉంటే ఫ్లాయిడ్ రోజ్. ఆ పరికరం 1970ల చివరలో పుట్టింది. అంతకు ముందు నాటిదని చెప్పే వీడియోలో అది కనిపిస్తే వీడియో తేదీనే అనుమానించాలి.

ఫింగర్‌బోర్డ్ మీది గుర్తులు

ఎడమ చెయ్యి అడ్డుపడినా, ఫింగర్‌బోర్డ్ కెమెరా వైపే ఉంటుంది కనుక ఇది సాధారణంగా బాగానే కనిపిస్తుంది. చుక్కలైతే ఫెండర్, లేదా గిబ్సన్ చౌక రకాలైన జూనియర్, స్పెషల్ వంటివి. పైకొస వెడల్పు, కిందికొస ఇరుకుగా ఉండే సమలంబ చతుర్భుజాలైతే లెస్ పాల్ స్టాండర్డ్, ఎస్‌జీ స్టాండర్డ్. మొదటి ఫ్రెట్ నుంచే నిండు దీర్ఘచతురస్రాలుంటే లెస్ పాల్ కస్టమ్, దాని హెడ్‌స్టాక్ మీద విడదీసిన వజ్రం ఆకారం కూడా ఉంటుంది. త్రికోణాలైతే రికెన్‌బాకర్ ఖరీదైన రకాలు, సొరచేప రెక్కలైతే జాక్సన్, ఎగిరే పక్షులైతే పీఆర్‌ఎస్. అయోమీ గిటార్ల మీద శిలువ గుర్తులు ఉంటాయి.

ఫ్రెట్ల సంఖ్యను లెక్కపెట్టడానికి చివరి గుర్తును చూస్తే సరిపోతుంది. 21వ ఫ్రెట్ దగ్గరి చుక్క తరువాత ఫింగర్‌బోర్డ్ అక్కడే ముగిస్తే 21 ఫ్రెట్లు, ఇంకొక గది ఉంటే 22, చివర జంట చుక్కలుంటే 24. పాత స్ట్రాటోకాస్టర్లకు 21 ఉంటాయి. 1987లో వచ్చిన అమెరికన్ స్టాండర్డ్ వంటి తరువాతి రకాలకు 22 ఉంటాయి. తీగ పొడవును స్క్రీన్ మీద కొలిచి ఫెండర్ 25.5 అంగుళాలా, గిబ్సన్ 24.75 అంగుళాలా అని తేల్చే ప్రయత్నం మాత్రం చేయవద్దు. ఆ తేడా మూడు శాతమే. గిటార్ కాస్త వాలినా ఆ కొలత చెడిపోతుంది.

కాలాన్ని నిర్ణయించడం

కాలనిర్ణయానికి మొదటి హద్దు వీడియో తేదీయే. ప్రదర్శన 1970లో జరిగితే, ఆ గిటార్ 1970లోనో, అంతకు ముందో తయారై ఉండాలి. ఇది చిన్న మాటలా అనిపించినా, తరువాత వచ్చిన పునర్నిర్మాణాలన్నిటినీ ఒక్క దెబ్బతో తొలగిస్తుంది. 2010 తరువాతి ప్రదర్శనలో అదే రూపం కనిపిస్తే పాత గిటారూ కావచ్చు, దాని నమూనాలో ఈమధ్య చేసినదీ కావచ్చు.

స్ట్రాటోకాస్టర్‌లో కాలాన్ని చెప్పే గుర్తులు చాలా ఉన్నాయి. 1954 నుంచి 1959 దాకా తెల్లటి ఒంటి పొర పిక్‌గార్డ్‌కు ఎనిమిది స్క్రూలు ఉండేవి, 1959 నుంచి పదకొండు. 1959లోనే రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ వచ్చింది. 1965 జనవరిలో ఫెండర్‌ను సీబీఎస్ అనే ప్రసార సంస్థ కొనుగోలు చేసింది. ఆ ఏడాది చివరి నుంచి హెడ్‌స్టాక్ పెద్దదయింది, 1981 ప్రాంతం దాకా అలాగే ఉంది. 1971 నుంచి 1981 దాకా నెక్‌ను నాలుగు స్క్రూలకు బదులు మూడింటితో బిగించారు, ట్రస్ రాడ్ కొన హెడ్‌స్టాక్ వైపు తూటాలా పొడుచుకు వచ్చేది. హెడ్‌స్టాక్ పరిమాణం దూరం నుంచి కూడా తెలుస్తుంది కనుక మొదట చూడవలసింది దాన్నే.

లెస్ పాల్ చరిత్ర ఇంకా తేటగా ఉంటుంది. 1952లో బంగారు రంగు పైభాగం, పీ-90 పికప్‌లు, ఉయ్యాల బల్ల ఆకారపు తీగల పట్టీతో మొదలైంది. 1957లో హంబకర్లు, 1958లో సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే) రంగు వచ్చాయి. 1961లో గిబ్సన్ ఆ రూపాన్నే వదిలేసి, ఇప్పుడు మనం ఎస్‌జీ అనే పలుచని రూపానికి మారింది. 1963 దాకా దాన్నీ లెస్ పాల్ అనే పిలిచింది. అందువల్ల ఎస్‌జీ ఆకారపు గిటార్ మీద లెస్ పాల్ పేరు కనిపిస్తే అది పొరపాటు కాదు, కాలానికి గట్టి ఆధారం. పాత ఒంటికొమ్ము రూపం 1968లో మళ్లీ ఉత్పత్తిలోకి వచ్చింది. ఎస్‌జీలలో 1966 వరకు పిక్‌గార్డ్ చిన్నది, తరువాత గబ్బిలం రెక్కల్లా పికప్‌ల రెండు వైపులా పరుచుకున్న పెద్దది వచ్చింది.

రంగును చివర చూడండి

వేదిక దీపాలు ఎర్రటి గిటార్‌ను నల్లగా, తెల్లటిదాన్ని నీలంగా చూపగలవు. ఒకే పాటలో రెండు నిమిషాల తేడాతో తీసిన ఫ్రేములను పోల్చి చూసి, తెల్లటి కాంతి పడిన క్షణాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. నైట్రోసెల్యులోజ్ లక్క కాలక్రమంలో పసుపెక్కుతుంది కనుక, పాత తెలుపు మీగడ రంగులోకి, పాత నీలం ఆకుపచ్చ వైపుకు జరుగుతాయి. వయసు మళ్లిన అలాంటి రంగులతోనే కొత్త గిటార్లు కూడా అమ్ముతున్నారన్నది మరచిపోకూడదు. ఫెండర్ కస్టమ్ షాప్ 1995 నుంచి కావాలనే అరగదీసిన గిటార్లు చేస్తోంది.

రంగు కంటే చెక్క చారలు, దెబ్బల గుర్తులు ఎన్నో రెట్లు విలువైనవి. సన్‌బర్స్ట్ లెస్ పాల్‌ల పైభాగంలోని మేపుల్ చెక్క చారలు వేలిముద్రల్లాంటివి. ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండవు. రెండు వేర్వేరు వీడియోల్లో అవే చారలు, అదే చోట పెచ్చు ఊడిన అదే ఆకారపు మచ్చ కనిపిస్తే, అది ఆ ఒక్క వాయిద్యమేనని ధైర్యంగా చెప్పవచ్చు.

మారిన గిటార్లు, నకళ్లు, ఇంట్లో చేసినవి

పింక్ ఫ్లాయిడ్ బృందపు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌ను అందరూ నల్ల పిక్‌గార్డ్‌తోనే ఊహించుకుంటారు. కానీ 1971 అక్టోబరులో పాంపే శిథిలాల మధ్య చిత్రీకరించిన ప్రదర్శనలో దానికి తెల్ల పిక్‌గార్డ్ ఉంది. నల్లది 1974లో వచ్చింది. నెక్ కూడా పలుమార్లు మారింది. బీటిల్స్ బృందపు జాన్ లెనన్ తన కసీనో మీది సన్‌బర్స్ట్ రంగును 1968లో గీకించేశాడు. అందువల్ల 1969 జనవరి 30న లండన్‌లో భవనం పైకప్పు మీద జరిగిన ప్రదర్శనలో అది లేత చెక్క రంగులో కనిపిస్తుంది. ఆ రోజు జార్జ్ హారిసన్ చేతిలో ఉన్నది రోజ్‌వుడ్‌తో చేసిన టెలికాస్టర్. ఎడ్డీ వాన్ హేలెన్ తానే భాగాలు కూర్చి తయారు చేసుకున్న గిటార్ 1978లో నలుపు తెలుపు చారలతో ఉండి, తరువాత ఎరుపు వేయించుకుంది. ఇలాంటి మార్పుల పట్టికను ముందే రాసుకుంటే, గిటార్ గుర్తింపుతో పాటు తేదీ లేని వీడియోకు తేదీ కూడా దొరుకుతుంది.

ఏ కంపెనీ పట్టికలోనూ లేని గిటార్లు ఉంటాయి. క్వీన్ బృందపు బ్రయన్ మే వాయించే ఎర్ర గిటార్‌ను అతనూ, అతని తండ్రీ 1963లో మొదలుపెట్టి ఇంట్లోనే చేశారు. నెక్ చెక్క ఒక పాత నిప్పుగూడు చట్రం నుంచి వచ్చింది. 1987లో గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్‌లో స్లాష్ వాయించిన లెస్ పాల్ చూడటానికి అచ్చంగా గిబ్సనే, కానీ అది ఒక స్వతంత్ర వాయిద్య నిర్మాత చేసిన నకలు. గిబ్సన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కాదు. వీడియోను ఎంత శ్రద్ధగా చూసినా ఇలాంటి సంగతి బయటపడదు. రికార్డింగులో పాల్గొన్నవారి మాటలే దీనికి ఆధారం. వీటికి తోడు, ప్రసిద్ధమైన గిటార్లకు కంపెనీలే మచ్చలతో సహా నకళ్లు చేస్తాయి. వాన్ హేలెన్ గిటార్‌కు 2007లో, గిల్మోర్ గిటార్‌కు 2008లో అలాంటివి వచ్చాయి. కనుక ఆ తేదీల తరువాతి వీడియోలో ప్రసిద్ధ గిటార్ కనిపిస్తే, మచ్చలు సరిపోయినంత మాత్రాన అసలైనదని చెప్పలేము.

చెవిని ఎంతవరకు నమ్మాలి?

చాలా తక్కువ. ఆంప్లిఫయర్, ఎఫెక్ట్ పెడల్, రికార్డింగ్ పద్ధతి అన్నీ ధ్వనిని మారుస్తాయి. మ్యూజిక్ వీడియోల్లోనూ, పాత టీవీ కార్యక్రమాల్లోనూ ముందే రికార్డు చేసిన పాటకు వాయిస్తున్నట్టు నటించడం మామూలు. అలాంటప్పుడు కనిపించే గిటార్ ఒకటి, వినిపించేది మరొకటి. జాక్ లోపల వైరే లేకపోవడం, వైర్‌లెస్ పరికరం కూడా కనిపించకపోవడం ఇందుకు సూచన. నిజమైన ప్రదర్శనలోనూ ఈ తేడా ఉంటుంది: లెడ్ జెప్పెలిన్ బృందపు "స్టెయిర్‌వే టు హెవెన్" అనే దీర్ఘ గీతానికి జిమ్మీ పేజ్ వేదిక మీద రెండు నెక్‌ల గిబ్సన్ వాయించేవాడు, కానీ 1971 ఆల్బమ్‌లోని సోలో టెలికాస్టర్ మీద వాయించినది. "వీడియోలో ఏది?" "రికార్డులో ఏది?" అన్నవి వేరు వేరు ప్రశ్నలుగా ఉంచుకోండి.

వీడియో బయటి ఆధారాలు

ప్రదర్శన తేదీ, వేదిక తెలిస్తే, అదే రాత్రి తీసిన ఛాయాచిత్రాలు వెతకండి. వాటిలో స్పష్టత వీడియో కంటే ఎంతో ఎక్కువ. అదే పర్యటనలో ముందు, వెనక రాత్రుల చిత్రాలు కూడా ఉపయోగపడతాయి, ఎందుకంటే కళాకారులు ఒక పర్యటనకు కొన్ని గిటార్లనే వెంట తీసుకువెళతారు. గిటార్ పత్రికల ఇంటర్వ్యూలు, గిటార్ల సంరక్షకుల మాటలు, వేలం సంస్థల వివరణలు చదవండి. 2019లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ గిల్మోర్ గిటార్లను వేలం వేసినప్పుడు నల్ల స్ట్రాటోకాస్టర్ 39.75 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అలాంటి వేలాల పట్టికల్లో పెద్ద ఛాయాచిత్రాలు, మార్చిన భాగాల వివరాలు ఉంటాయి. స్క్రీన్‌షాట్‌తో బొమ్మ ద్వారా వెతికే సదుపాయం వాడవచ్చు, కానీ అది ఎక్కువగా రంగు, ఆకారాన్ని బట్టి పోలుస్తుంది కనుక దాని జవాబును ఒక ఊహగా మాత్రమే తీసుకోండి.

తీర్పును ఎలా రాయాలి?

ప్రతి గుర్తుకు ఎదురుగా అది కనిపించిన క్షణాన్ని, అది ఏ అవకాశాన్ని తొలగించిందో రాయండి. ఉదాహరణకు, 1970 నాటి ప్రదర్శనలో కుడిచేతి వాటం కళాకారుడి చేతిలో లేత రంగు గిటార్ కనిపించిందనుకుందాం. పొడవైన పైకొమ్ము, ముందు ముఖం మీది జాక్, మూడు సింగిల్ కాయిల్‌లు కనిపించాయి కనుక స్ట్రాటోకాస్టర్ కుటుంబం. హెడ్‌స్టాక్ పెద్దది కనుక నెక్ 1965 చివరికి ముందుది కాదు. ప్రదర్శన తేదీని బట్టి 1970 తరువాతిదీ కాదు. మేపుల్ ఫింగర్‌బోర్డ్ కనిపిస్తోంది. రంగు వేసవి సాయంత్రపు వెలుతురులో మీగడలా ఉంది కనుక తెలుపు కావచ్చు, లేత పసుపు కావచ్చు. అప్పుడు రాయవలసిన వాక్యం ఇది: "ఫెండర్ స్ట్రాటోకాస్టర్; నెక్ 1965 చివరి నుంచి 1970 మధ్య నాటిది; బాడీ సంవత్సరం తేలలేదు; రంగు తెలుపు కావచ్చు." ఇవే గుర్తులు 2015 నాటి వీడియోలో కనిపిస్తే రాయవలసినది వేరు: "స్ట్రాటోకాస్టర్ తరహా, 1960ల చివరి నమూనా, అసలు పాతదా, ఆ నమూనాలో తరువాత చేసినదా అన్నది హెడ్‌స్టాక్ వెనుక భాగం, నెక్ పలక మీది వరుస సంఖ్య కనిపించే చిత్రం దొరికితే చెప్పవచ్చు."